క్రాష్ గార్డు: ఏ బండికి అవసరం, ఎలాంటిది కొనాలి, ఎలా బిగించాలి

కొత్త మోటారు సైకిలు తీసుకునే రోజున షోరూములో సీటు కవరు, ట్యాంకు కవరు, నంబరు ప్లేటు ఫ్రేములతో పాటు క్రాష్ గార్డు (ఇంజినుకు ముందు రెండు పక్కలా బిగించే పైపు చట్రం) కూడా బిల్లులో చేరిపోతుంది. కొనేవారిలో చాలామంది దాన్ని కాళ్లకు రక్షణ అనుకొని మారుమాట లేకుండా డబ్బు కడతారు. కొందరేమో అదంతా దండగ ఖర్చని కొట్టిపారేస్తారు. ఈ రెండు అభిప్రాయాల్లోనూ పొరపాటు ఉంది. క్రాష్ గార్డు కాపాడేది ప్రధానంగా బండిని; నడిపే మనిషికి దానివల్ల కలిగే మేలు చాలా పరిమితం. ఈ సంగతి ముందుగా మనసులో పెట్టుకుంటే గార్డు ఎవరికి అవసరమో, దానికి ఎంత వరకు ఖర్చు పెట్టవచ్చో, అంతకంటే ముందు కొనవలసినవి ఏమిటో తేల్చుకోవడం కష్టం కాదు.

బండి పడిపోయే తీరు అన్ని చోట్లా ఒకేలా ఉండదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తరచుగా కనిపించే పడిపోవడాలకు వేగంతో పెద్దగా సంబంధం లేదు. ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద సైడు స్టాండు మెత్తటి మన్నులో దిగబడి, నిలిపి ఉంచిన బండి పక్కకు వాలిపోతుంది. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం ప్రాంతాల్లో కోతల కాలంలో రోడ్డు అంచున ఆరబోసిన వడ్ల మీదికి ముందు చక్రం ఎక్కి జారుతుంది. నెల్లూరు ట్రంకు రోడ్డులోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో వరుసగా నిలిపిన బళ్లలో ఒకదాన్ని ఎవరైనా తగిలించారంటే పక్కనున్నవి కూడా వరుసగా ఒరిగిపోతాయి. చీమకుర్తి క్వారీల నుంచి గ్రానైటు దిమ్మెలు మోసే లారీలు తిరిగే దారుల్లో రాతిపొడి, సన్నకంకర మలుపుల దగ్గర పేరుకొని ఉంటాయి. అక్కడ ముందు బ్రేకు గట్టిగా పట్టినవాడు నిదానంగా వస్తున్నా పడతాడు.

ఇలాంటి పడిపోవడాల్లో నేలకు ముందుగా తగిలేవి హ్యాండిలు చివర, బ్రేకు లేదా క్లచ్ లివరు, అద్దం, ఇండికేటరు, ఫుట్‌రెస్టు, గేరు రాడ్డు, కుడివైపు పడితే సైలెన్సరు. వీటిలో ఒకటి రెండు వంగినా బండి ఇంటికి చేరుతుంది. ఇంజిను పక్క కవరు రాయి మీద పడి పగిలితే మాత్రం ఆయిలు కారిపోతుంది, బండి అక్కడే ఆగిపోతుంది. పొదిలి నుంచి కనిగిరి వెళ్లే దారిలో చీకటి పడ్డాక అలా ఆగిపోయినవారికి ఆ కవరు ఖరీదు కంటే బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించి తేవడానికి అయిన ఖర్చే ఎక్కువ అనిపిస్తుంది. మంచి గార్డు ఈ దెబ్బను తాను తీసుకొని ఇంజిను కవరును నేలకు తగలకుండా ఎత్తి పట్టుకుంటుంది. దాని అసలు ప్రయోజనం ఇదే, ఇది చిన్న ప్రయోజనమేమీ కాదు.

వేగం పెరిగిన కొద్దీ ఈ లెక్క మారిపోతుంది. కదిలే వస్తువులో ఉండే శక్తి వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి, గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయే బండి కంటే 60 కిలోమీటర్ల వేగంతో పోయే అదే బండిలో మూడు రెట్లు కాదు, తొమ్మిది రెట్ల శక్తి ఉంటుంది. అంగుళం మందం పైపు అంత శక్తిని ఆపలేదు. పైగా ఆ వేగంలో మనిషి బండితో పాటు ఉండిపోడు, ఎగిరి పడతాడు. కారు బంపరో, ఆటో ముందు భాగమో పక్క నుంచి గుద్దినప్పుడు గార్డు లోపలికి వంగి, కాలును ఇంజినుకూ పైపుకూ మధ్య ఇరికించే ప్రమాదం కూడా ఉంది.

ఈ మాటకు ఆధారంగా ఒక పాత అధ్యయనం ఉంది. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో జరిగిన 900 మోటారు సైకిలు ప్రమాదాలను స్వయంగా పరిశీలించి 1981లో నివేదిక ప్రచురించింది. క్రాష్ బార్లు గాయాలను తగ్గించే సమర్థమైన సాధనం కాదని అందులో తేల్చారు. వాటివల్ల పాదానికి, చీలమండకు తగిలే గాయాలు తగ్గిన మాట నిజమే కాని, తొడకు, మోకాలికి, పిక్కకు తగిలే గాయాలు పెరిగి ఆ మేలు కాస్తా చెల్లిపోయిందని వారి నిర్ధారణ. అదే నివేదిక తలగాయాల విషయంలో హెల్మెట్టు నిర్ణాయకమని చెప్పింది. అక్కడి బళ్లు, రోడ్లు వేరు కావచ్చు. ఎముకల గట్టిదనం మాత్రం ఎక్కడైనా ఒకటే. అందువల్ల "గార్డు ఉంది కదా, కాలికి ఏమీ కాదు" అనే ధైర్యంతో జాతీయ రహదారి ఎక్కడం పూర్తిగా తప్పు.

గార్డు కంటే ముందు కొనవలసినవి

మనిషి రక్షణ కోసం పెట్టే డబ్బు మొదట హెల్మెట్టుకు పోవాలి. 2021 జూన్ 1 నుంచి దేశంలో ద్విచక్ర వాహనాల హెల్మెట్లన్నీ ఐఎస్ 4151 ప్రమాణానికి లోబడి, ఐఎస్ఐ ముద్రతోనే అమ్మాలి. రోడ్డు పక్కన తాటాకు పందిరి కింద కుప్పపోసి అమ్మే వాటిలో ఆ ముద్ర స్టిక్కరు రూపంలో ఉన్నంత మాత్రాన నమ్మకూడదు. లోపల థర్మోకోలు పొర మందంగా ఉందా, గడ్డం కింద బకిలు బిగుతుగా నిలుస్తోందా, హెల్మెట్టు పెట్టుకొని తల విదిలించినప్పుడు అది తలతో పాటే కదులుతోందా అన్నది చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను ప్రకారం వెనుక కూర్చున్నవారికి కూడా హెల్మెట్టు తప్పనిసరి. రెండో హెల్మెట్టు కొనకుండా క్రాష్ గార్డు కొన్న ఇంటి లెక్క తలకిందులుగా ఉన్నట్టే.

దాని తరువాత టైర్లు. అరిగిపోయిన టైరుతో నడుస్తున్న బండికి గార్డు బిగించడం, పడకుండా చూసుకోవలసిన డబ్బును పడ్డాక పనికొచ్చే వస్తువు మీద పెట్టడమే. టైరు గాడిలో అరుగుదల గుర్తు టైరు పైభాగంతో సమానమయ్యే వరకు ఆగకూడదు. బండి ఇంకా కొనని వారైతే ఆ మొత్తాన్ని డిస్కు బ్రేకు ఉన్న రకానికి కలుపుకోవడం మేలు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బళ్లకు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి అయింది. చిన్న బళ్లలో చాలావాటికి ముందు, వెనుక బ్రేకులు రెండూ కలిసి పనిచేసే సీబీఎస్ మాత్రమే ఉంటుంది కాబట్టి వాటిలో ఏ రకం బ్రేకు ఎంచుకుంటున్నారనేది ముఖ్యం.

కాళ్ల విషయానికి వస్తే, చీలమండను కప్పే బూటు క్రాష్ గార్డు కంటే నమ్మదగినది. మన ఎండలకు, ముఖ్యంగా మే నెలలో, తోలు జాకెట్టు వేసుకోమని ఎవరికీ సలహా ఇవ్వలేము. గాలి ఆడే జాలీ గుడ్డతో, భుజాల దగ్గర, మోచేతుల దగ్గర రక్షణ దిండ్లు ఉన్న రైడింగు జాకెట్లు దొరుకుతున్నాయి. వాటి దిండ్ల మీద ఈఎన్ 1621 అనే ఐరోపా ప్రమాణ సంఖ్య ఉందో లేదో చూడవచ్చు. రోజూ నెల్లూరు నుంచి కావలికో, ఒంగోలు నుంచి సింగరాయకొండకో 16వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లి వచ్చేవారికి ఇది అవసరమైన ఖర్చే. ఊళ్లో తిరిగేవారు కనీసం చెప్పులు మాని బూట్లు తొడుక్కుంటే చాలు.

ఇంకొక చవకైన వస్తువు గురించి చెప్పాలి. సైడు స్టాండు కింద బిగించే వెడల్పు పలక గట్ల మీద బండి దిగబడకుండా ఆపుతుంది. అది దొరకకపోతే సీటు కింద ఒక చిన్న రేకు ముక్కో, మందపాటి చెక్క ముక్కో పెట్టుకున్నా పని జరుగుతుంది. చెరువుల కాపలా పని మీద రాత్రిళ్లు తిరిగేవారికి ఈ పలక, గార్డు కంటే ముందు ఉండవలసినది.

మీకు అవసరమా, కాదా అని లెక్క వేసుకోవడం

ముందు మీ బండి స్పేర్ పార్టుల కౌంటరుకు వెళ్లి ఆరింటి ధరలు అడిగి రాసుకోండి: రెండు లివర్లు, ఒక ఇండికేటరు, ఒక అద్దం, గేరు రాడ్డు, ఇంజిను పక్క కవరు, సైలెన్సరు. పూర్తి ఫెయిరింగు (ముందూ పక్కలా కప్పే ప్లాస్టిక్ తొడుగు) ఉన్న బండి అయితే పక్క ప్యానెలు, రేడియేటరు కూడా చేర్చండి. ఈ మొత్తాన్ని గార్డు ధరతో పోల్చి చూడాలి. వంద, నూట పది సీసీ బళ్లకు పార్టులు చవక, ప్రతి ఊళ్లోనూ దొరుకుతాయి, బండి కూడా తేలిక. స్ప్లెండరు ప్లస్ బరువు దాదాపు 112 కిలోలు. అలాంటి బండికి మామూలు గార్డు ఉంటే మంచిదే, లేకపోతే కొంపలేమీ మునగవు. క్లాసిక్ 350 లాంటిది 195 కిలోలు ఉంటుంది. అది నిలుచున్న చోట పడినా ఇంజిను కవరు మీద పడే భారం వేరు, దాన్ని ఒక్కడే లేపడమూ కష్టమే. గార్డు ఉంటే బండి పూర్తిగా నేలకు ఒరగకుండా కొంత కోణంలో ఆగుతుంది కాబట్టి లేపడం సులువవుతుంది, కాలు బండి కింద చిక్కుకునే అవకాశం కూడా నిదానపు పడిపోవడాల్లో తగ్గుతుంది. బరువైన బళ్లకు గార్డు పెట్టించుకోవడం సబబని నా అభిప్రాయం.

బీమా ఉంది కదా అనేవారు పాలసీ కాగితాన్ని ఒకసారి చదవాలి. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా (ఎదుటివారికి జరిగే నష్టానికి రక్షణ) ముందుగానే కట్టించుకుంటున్నారు. కాని సొంత బండికి జరిగే నష్టానికి ఇచ్చే రక్షణ చాలా సందర్భాల్లో మొదటి ఏడాదితో ముగిసిపోతుంది, దాన్ని ఏటా విడిగా కట్టుకోవాలి. బండికి అయిదేళ్ల బీమా ఉందని ధీమాగా తిరిగే వారిలో కొందరికి నిజానికి లివరు విరిగినా ఒక్క రూపాయి రాదు. సొంత నష్టానికి రక్షణ ఉన్నా, ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకు 50 శాతం తరుగు తీసివేసి మిగతాదే ఇస్తారు. లోహ భాగాలకు బండి వయసును బట్టి తరుగు పెరుగుతుంది. ఏడాది పాటు క్లెయిమ్ చేయకపోతే మొదట 20 శాతంతో మొదలై, ఏళ్లు గడిచే కొద్దీ 50 శాతం వరకు పెరిగే నో క్లెయిమ్ బోనసు కూడా చిన్న క్లెయిముతో పోతుంది. అందుచేత చిన్న పడిపోవడాల ఖర్చు సాధారణంగా జేబులోంచే పెట్టుకోవాలి, గార్డు ఆదా చేసేది ఆ జేబు డబ్బునే. గార్డు మాత్రం మీ పాలసీలో భాగం కాదు. ఖరీదైనది బిగించుకుంటే దాని విలువను అదనపు ఉపకరణంగా పాలసీలో రాయించుకోవాలి, లేకపోతే దాని నష్టం లెక్కలోకి రాదు.

ఎలాంటిది కొనాలి

బండి కంపెనీ అదే మోడలు కోసం తయారుచేసిన గార్డు దొరికితే దానికే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. దాని ఆకారం కంటే అది చాసిస్‌కు ఎక్కడ బిగుసుకుంటుందనేది ముఖ్యం. మంచి గార్డు కింద ఇంజిను మౌంటు బోల్టుల (ఇంజినును చాసిస్‌కు పట్టి ఉంచే బోల్టుల) దగ్గర, పైన చాసిస్ ముందు గొట్టం దగ్గర, రెండు చోట్లా పట్టు కలిగి ఉంటుంది. ఒక్క క్లాంపుతో గొట్టానికి చుట్టి బిగించేది పడినప్పుడు గిర్రున తిరిగిపోయి, తాను కాపాడవలసిన ఇంజిను కవరునే గుద్దుతుంది. అలాంటిది ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు.

ఒంగోలులోనూ నెల్లూరులోనూ వెల్డింగు షాపుల్లో కోరిన ఆకారంలో గార్డు చేసి ఇస్తారు. పనితనంలో వారిని తక్కువ చేయనక్కరలేదు. చిక్కు ఏమిటంటే, గట్టిదనం ఎంత ఎక్కువైతే అంత మంచిదనే నమ్మకంతో మందపాటి పైపు, కొన్నిసార్లు గట్టి ఇనుప కడ్డీ కూడా వాడతారు. గార్డు దెబ్బకు వంగాలి. అది వంగకపోతే ఆ బలమంతా చాసిస్ మీదికి, ఇంజిను మౌంటు చెవుల మీదికి పోతుంది. గార్డు మార్చడం గంట పని. చాసిస్ వంకర పోతే ఆ బండి మళ్లీ నిటారుగా నడవడం కష్టం, అల్యూమినియం మౌంటు చెవి విరిగితే ఇంజిను కేసునే మార్చవలసి రావచ్చు. లోపల బోలుగా ఉండే అంగుళం దరిదాపు పైపు, అతుకుల దగ్గర పూర్తి చుట్టు వెల్డింగు, పైపు అడుగున నీరు దిగిపోయే చిన్న రంధ్రం — ఇవి ఉన్నాయా అని చూడండి.

లోహం ఎంపికలో ఉప్పు గాలిని మరువకూడదు. మైపాడు, కొత్తపట్నం, రామాయపట్నం లాంటి తీర గ్రామాల్లోనూ, ఇస్కపల్లి ఉప్పు కొఠార్ల దగ్గరా, ఉప్పునీటి రొయ్యల చెరువుల చుట్టూ తిరిగే బళ్లకు క్రోము పూత మెరుపు ఎక్కువ కాలం నిలవదు. పూత పొక్కులు లేచిన చోట లోపలి ఇనుము తినేస్తుంది, అది బయటికి కనిపించేసరికి పైపు పలచబడి ఉంటుంది. పౌడరు కోటింగు కొంత మేలు. స్టెయిన్‌లెస్ స్టీలు ఇంకా మేలు, అయితే అందులోనూ 304 రకం ఉప్పు గాలికి బాగా ఓర్చుకుంటుంది, చవకగా దొరికే 202 రకం అంత ఓర్చుకోదు. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలు అని కొట్టువారు చూపించే పరీక్షతో ఈ రెండింటి తేడా తెలియదు, ఎందుకంటే మామూలుగా రెండింటికీ అది అంటుకోదు. బిల్లు మీద రకం రాయించుకోవడమే మార్గం.

వెడల్పు విషయంలో ఆశ పడకూడదు. గార్డు హ్యాండిలు కంటే బయటికి పొడుచుకు వస్తే సందుల్లో పక్క బండి గార్డుకు చిక్కుకుంటుంది, గేటు కమ్మీలకు తగులుకుంటుంది. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే నల్లమల ఘాటు లాంటి చోట మలుపులో బండి వాలినప్పుడు వెడల్పుగా, కిందికి దిగి ఉన్న గార్డు రోడ్డుకు రాసుకొని ముందు చక్రాన్ని నేల నుంచి తేల్చే ప్రమాదం ఉంది. ఫుట్‌రెస్టు నేలకు తగిలే కోణం కంటే ముందే గార్డు తగలకూడదన్నది గుర్తు పెట్టుకోవలసిన కొలత. ఒక మనిషి బండిని నిలిచిన చోటే పక్కకు వాల్చి పట్టుకుంటే మరొకరు కూర్చొని చూసి దీన్ని తేల్చవచ్చు.

స్పోర్ట్సు బళ్లకు గార్డు బదులు ఫ్రేము స్లైడర్లు అమ్ముతారు. ఇవి ఇంజిను మౌంటు బోల్టు చివర బిగించే గట్టి ప్లాస్టిక్ ముద్దలు. నున్నటి రోడ్డు మీద బండి జారినప్పుడు అవి అరుగుతూ ఫెయిరింగును నేలకు తాకనివ్వవు. అవి పుట్టింది రేసు ట్రాకుల కోసం. తారు రోడ్డు అంచు నుంచి మార్జిను జానెడు లోతుకు దిగిపోయిన మన దారుల్లో, కల్వర్టు అంచుకో, రాయికో ఆ ముద్ద తట్టుకుంటే జారవలసిన బండి పల్టీ కొడుతుంది. పొడవాటి స్లైడరు అయితే దాని బోల్టు మీద పడే వంపు బలం మౌంటును కూడా పాడుచేస్తుంది. కొనేటట్లయితే పొట్టిగా ఉన్నవే, రెండు బోల్టుల పట్టు ఉన్నవే తీసుకోండి.

చేతి గార్డుల సంగతి వేరు. మెట్ట మండలాల్లో, ఉదయగిరి వైపో కనిగిరి వైపో, చిల్లకంప రోడ్డు మీదికి పెరిగిన దారుల్లో వేళ్లు గీసుకుపోకుండా అవి నిజంగా ఉపయోగపడతాయి. ప్లాస్టిక్‌వి కంపకు, గాలికి సరిపోతాయి. లివర్లు విరగకుండా ఉండాలంటే లోపల లోహపు పట్టీ ఉండి, హ్యాండిలు చివరా మధ్యా రెండు చోట్ల బిగిసేవి కావాలి. ఇంజిను కింద బిగించే బ్యాష్ ప్లేటు చెరువు గట్ల మీద, క్వారీ దారుల మీద రోజూ తిరిగేవారికి తప్ప అనవసరం. బిగించినవారు లోపల చేరిన బురదను కడుగుతూ ఉండాలి. స్కూటర్ల చుట్టూ కమ్మీల పంజరం బిగించే అలవాటు మన దగ్గర ఎక్కువ. ముందూ వెనుకా చిన్నవి ఉంటే చాలు, మిగతాది బరువే.

బిగించే పద్ధతి

గార్డు కొన్న కొట్టు ముందే, రోడ్డు మీద బండిని సైడు స్టాండు మీద ఉంచి బిగించనివ్వకండి. బండి సెంటరు స్టాండు మీద నిటారుగా ఉండాలి. ఇంజిను మౌంటు బోల్టు తీయవలసి వస్తే ఇంజిను కింద చెక్క దిమ్మె లేదా జాకీతో ఆసరా ఇచ్చి, ఒక్కొక్క బోల్టే తీసి, ఆ స్థానంలో గార్డుతో వచ్చిన పొడవైన బోల్టు ఎక్కించాలి. అన్నీ ఒకేసారి తీస్తే ఇంజిను కొంచెం కుంగి, రంధ్రాలు కలవక, మెకానికు సుత్తితో కొట్టి ఎక్కించడం మొదలుపెడతాడు. అక్కడే మరలు పాడవుతాయి.

బోల్టు తల మీద 8.8 అనే సంఖ్య ఉందా అని చూడండి. గుర్తు లేని మెత్తటి బోల్టు ఇంజిను మౌంటులో ఉండకూడదు. నట్టు బిగిశాక దాని బయట కనీసం రెండు మూడు మరలు కనిపించాలి. నైలాన్ వలయం ఉన్న లాక్ నట్టు వాడటం మంచిది, విప్పిన ప్రతిసారీ కొత్తది వేయాలి. మొదట అన్ని బోల్టులను చేతితో వదులుగా ఎక్కించి, గార్డు సమంగా కూర్చున్నాకనే కింది నుంచి పైకి బిగించుకుంటూ రావాలి. సర్వీసు మాన్యువల్‌లో చెప్పిన టార్కు (బిగింపు బలం) మేరకు బిగించే టార్కు రెంచి కంపెనీ సర్వీసు సెంటర్లలో ఉంటుంది; ఇంజిను మౌంటు విషయంలో దాన్ని అడిగి వాడించుకోవడంలో మొహమాటం అక్కరలేదు.

బిగించాక బండి కదిలించే ముందు కొన్ని పరీక్షలు తప్పనిసరి. ముందు బ్రేకు పట్టి హ్యాండిలును బలంగా కిందికి నొక్కండి; ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టే షాక్ గొట్టాలు) పూర్తిగా దిగినా మడ్‌గార్డు గార్డుకు తగలకూడదు. హ్యాండిలును రెండు వైపులా చివరి దాకా తిప్పండి. బూటుతోనే కూర్చొని వెనుక బ్రేకు, గేరు రాడ్డు తొక్కి చూడండి. కిక్కు రాడ్డు పూర్తిగా దిగుతోందా, ఆయిలు డ్రెయిను బోల్టు, స్పార్కు ప్లగ్గు గార్డు విప్పకుండానే అందుతున్నాయా, రేడియేటరు ఉన్న బండి అయితే గాలి దారికి అడ్డం రావడం లేదా అన్నవి కూడా అక్కడే చూసుకోవాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులు ఒకసారి మళ్లీ బిగించాలి, ఎందుకంటే ఒంటి సిలిండరు ఇంజిను వణుకుకు కొత్త బోల్టులు సర్దుకుంటాయి. ఏదో ఒక వేగంలో మాత్రమే గార్డు గుయ్యిమంటుంటే అది వదులైన గుర్తు.

గార్డును గార్డుగానే వాడాలి. పాల క్యాన్లు, దాణా సంచులు దానికి కట్టడం వల్ల ముందు చక్రం మీద బరువు పడి హ్యాండిలు తిప్పడం కష్టమవుతుంది. హైవే మీద కాళ్లు చాపి గార్డు మీద పెట్టుకొని నడపడం అంతకంటే ప్రమాదం: గేదె రోడ్డుకు అడ్డం వచ్చిన క్షణంలో పాదం వెనుక బ్రేకు దగ్గర ఉండదు.

చీర గార్డు మాట

మనిషిని నిజంగా కాపాడే గార్డు ఒకటి ఉంది, జనం అందం కోసం ముందుగా పీకేసేది కూడా దాన్నే. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 123వ నిబంధన ప్రకారం వెనుక కూర్చునేవారికి పట్టుకునే పిడి, కాలు పెట్టే ఫుట్‌రెస్టు, వెనుక చక్రంలో కనీసం సగాన్ని కప్పి బట్టలు చుట్టుకోకుండా ఆపే రక్షణ ఉండాలి. చీర కొంగు, చున్నీ, లంగా అంచు చక్రంలోనో గొలుసులోనో పడితే మెడ బిగుసుకోవడం దాకా వస్తుంది. ఆ ప్రమాదానికి వేగం కూడా అక్కరలేదు. స్త్రీలు ఒకవైపు కూర్చొని ప్రయాణించే ఇళ్లలో చీర గార్డు విప్పడం ఏ విధంగానూ సమర్థించలేనిది. పాత బండి కొన్నవారు అది లేకపోతే అదే రోజు వేయించుకోవాలి. దాని ధర క్రాష్ గార్డు ధరలో చిన్న భాగమే.

చట్టం ఏమంటుంది

కేంద్ర ప్రభుత్వం 2017 డిసెంబరులో రాష్ట్రాలను చర్య తీసుకోమని కోరినది వాహనాల ముందు బిగించే బుల్ బార్ల (గట్టి ఇనుప కమ్మీల) మీద. కార్ల ముందు అవి పాదచారులకూ, లోపలివారికీ ప్రమాదం. అయినా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులను అన్ని వాహనాలకూ నిషేధిస్తుంది. 2019 సవరణ తరువాత అనుమతి లేని మార్పులకు యజమానిపై ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. కంపెనీ అదే మోడలుకు ఇచ్చే ఉపకరణం బిల్లుతో సహా ఉంటే సంజాయిషీ చెప్పడం తేలిక. పక్కకు మొనలు పొడుచుకు వచ్చినవి, కళ్లు మిరుమిట్లు గొలిపే దీపాలు బిగించినవి మాత్రం అడిగితే జవాబు చెప్పలేనివి. దీపాల బదులు గార్డు ముందు వైపు, వెనుక వైపు మెరుపు టేపు అంటిస్తే రాత్రిపూట లారీ వెలుతురులో బండి వెడల్పు తెలుస్తుంది.

పడ్డ తరువాత

గార్డు వంగిందంటే అది తన పని చేసినట్టే, దాని ఆయుష్షు అక్కడితో అయిపోయింది. గ్యాసు మంటతో కాల్చి, సాగదీసి మళ్లీ బిగిస్తే ఆ చోట లోహం బలహీనపడి, తరువాతి దెబ్బకు విరిగిన పైపు మొన కాలి వైపు తిరుగుతుంది. గార్డుతో పాటు దాని బోల్టులు కూడా మార్చాలి. గార్డు విప్పినప్పుడు మౌంటు చెవుల చుట్టూ కిరోసిను గుడ్డతో శుభ్రంగా తుడిచి, వెంట్రుకవాసి పగులు ఉందేమో మంచి వెలుతురులో చూడాలి. తరువాత ఖాళీ రోడ్డు మీద ఒకరు నిదానంగా నడుపుతుంటే మరొకరు వెనుక నుంచి రెండు చక్రాలూ ఒకే గీతలో పోతున్నాయా అని గమనించాలి. హ్యాండిలు ఒక పక్కకు లాగుతుంటే ఫోర్కులు, చాసిస్ చూపించకుండా బండిని రోజువారీ పనికి వాడకూడదు.

పాత బండి కొనబోయేవారికి ఇదే గార్డు ఇంకొక ఉపకారం చేస్తుంది. అడుగున గీతలు పడి, అరిగిన గార్డు ఉన్న బండి నిదానంగా పడి లేచిందని అర్థం, అది దాచవలసిన సంగతి కాదు. అయిదారేళ్ల బండికి తళతళలాడే కొత్త గార్డు, మౌంటు బోల్టుల మీద తాజా స్పానరు గుర్తులు, హ్యాండిలు చివర కొత్త గ్రిప్పులు కలిసి కనిపిస్తే మాత్రం బేరం మొదలుపెట్టకముందే పాత గార్డు ఏమైందని అడగండి.